పలక మీద సగం దూరం

ఆరోగ్య కేంద్రం పిల్ల యోలందా
మొదట ఒక పసుపు ప్లాస్టిక్ పలక తెచ్చింది.
"చేపలు తోముకునేదా?" అన్నావు నువ్వు, గోడ వైపు తిరిగి.
వారం రోజులు దాని మీద నేను బంగాళాదుంపలు తరిగాను.

తర్వాత పడవలు కట్టే మీ అక్క కొడుకు కుస్తోదియో
మాన్యియో చెక్క చిత్రిక పట్టి తెచ్చాడు.
రెండు చివరలూ నాలుకలా పలచన,
ఒక పక్క చెయ్యి దూరేంత కంత.
కొవ్వొత్తి మైనం రుద్దాను,
అరచెయ్యి పెడితే నిలవకుండా జారిపోయేదాకా.

కుర్చీని మంచానికి ఏటవాలుగా ఆనించాలి.
రెండు బ్రేకులూ నొక్కాలి. నొక్కానో లేదో మళ్ళీ చూడాలి.
ఇవతలి చేతిపిడి పీకి పక్కన పెట్టాలి.
నీ తొడ కిందికి పలక అంచు, చర్మం మడత పడకుండా.
నీ నడుముకి పట్టీ. పట్టీకి నా రెండు పిడికిళ్ళు.
తల ఎటు వంగితే నడుము దానికి ఎదురు పోతుందట,
యోలందా ఎంతో ఓపిగ్గా చెప్పింది.
యాభై రెండేళ్ళ కాపురంలో
నీ సంగతి అది నాకు కొత్తా?

నువ్వు ఎనభై నాలుగు కిలోలు. నేను యాభై ఒకటి.
ఒకటి, రెండు, మూడు, అన్నాను.
కదల్లేదు నువ్వు.
ఒకటి, రెండు, మూడు.
"లెక్కపెడితే ఇల్లు కదుల్తుందా, ఎదెల్మిరా?"

నిజమే. ఆ రోజూ కదల్లేదు.
మా నాన్న ఇల్లు. కింద దుంగలు, ముందు పద్నాలుగు జతల ఎడ్లు,
చిలోయె దీవి వాన, మోకాటి లోతు బురదలో తాళ్ళు పట్టుకుని జనం.
లోపల ఎవరూ ఉండొద్దన్నారు. నేనున్నాను.
పొయ్యి మీద కెటిల్ దించలేదు, కిటికీ వదల్లేదు.
ముందు నడుస్తున్న కుర్రాడెవరో ములుకర్ర గాల్లోకెత్తి
ఎడ్లను ఒక్కొక్క దాన్నీ పేరు పెట్టి పిలిచాడు.
క్లావెల్! లుసేరో!
గూట్లో పళ్ళేలు గలగలమన్నాయి.
గోడలూ, కిటికీ, నేనూ
ఒక్కసారిగా నీ వైపు జరిగాం.

అందుకే పట్టీ బిగించి పట్టుకుని,
పక్కింటివాళ్ళు వింటే విననీ అనుకుని అరిచాను:
క్లావెల్! లుసేరో!
నవ్వొచ్చింది నీకు. ఆ నవ్వులో ఒళ్ళు వదులైంది.
జారావు.
సగం దూరం.

అక్కడ ఆగిపోయావు.
వెనక పరుపు, ముందు కుర్చీ, కింద వట్టి గాలి.
నా మోకాళ్ళ మధ్య నీ మోకాళ్ళు.
నా చేతులు వణుకుతున్నాయి.
పడితే లేపే మనిషి లేడు, కుస్తోదియో సముద్రం మీదున్నాడు.

"ఇల్లు కూడా ఇసకలో దిగబడింది కదా," అన్నావు.
"తాడు తెగింది. ఎడ్లు కూలబడ్డాయి.
మీ నాన్న అందర్నీ తిట్టాడు. అప్పుడేం చేశాం?"

ఏమీ చెయ్యలేదు.
పోటు కోసం కూచున్నాం.
కిటికీలోంచి నేనందించిన మాతే తాగి
మూతి కాల్చుకున్నావు.
రాత్రి నీళ్ళొచ్చి గుమ్మాన్ని తాకాయి,
ఇల్లు తనంత తానే లేచింది.

ఈ గదిలోకి పోటు ఎక్కణ్ణించి వస్తుంది?
రాదు. ఇద్దరికీ తెలుసు.
అయినా ఆగాం, పలక మీద నువ్వు,
మెల్లగా మోకాళ్ళ మీదికి దిగి నేను,
పైన చెక్కపెంకుల మీద వాన.
కాసేపటికి నీ చెయ్యి కుర్చీ అంచు వెతుక్కుంది.
పట్టీలో నా వేళ్ళు వేడెక్కాయి.
ముందు ఎవరు కదిలారో నన్నడగొద్దు.

ఇప్పుడు కిటికీ దగ్గరున్నావు. అదే కిటికీ.
చక్రానికి మైనం అంటిందని గొణుగుతున్నావు.
రాత్రికి మళ్ళీ అటు చేరాలి కదా అంటే,
ఇంకా ఇరవై ఆరు ఎడ్లున్నాయి అంటున్నావు.
నాకు రెండే గుర్తు.
మిగతా పేర్లు చెప్పు, కెటిల్ పెట్టొస్తాను.